నిధి, నిక్షేపం, నడకదారి

అమలాపురం, రాజోలు, కొత్తపేట, మా కోనసీమలో ఎక్కడి పాత దస్తావేజు విప్పినా ఒక వాక్యం ఎదురొస్తుంది. "నిధి నిక్షేప జల పాషాణ అక్షిణి ఆగామి సిద్ధ సాధ్యములనబడు అష్టభోగములతో..." అంటూ ఊపిరి తిరక్కుండా సాగిపోతుంది. రాజులు రాగిరేకులమీద అగ్రహారాలు ధారపోసిన నాటి మాట. పదిసెంట్ల కొబ్బరిదొడ్డి అమ్ముకున్నవాడూ అదే రాయించాడు.

ఈమధ్య మా బాబాయిగారు వెనకదొడ్డి కూతురికి దానసెటిల్మెంటు రాయబోతే, రాసేవాడు ఖాళీలు పూరించే కొత్త నమూనా తెచ్చాడు. అందులో ఆ వాక్యం లేదు.

"భోగాలన్నీ పీకేసి పిల్లకి ఏమిస్తున్నట్టురా?" అన్నారు బాబాయిగారు. సంతకం పెట్టనంటే పెట్టనన్నారు.

తాలూకా మాట 1985లో మండలాలొచ్చాక పోయింది. 1957లో పైసల లెక్క వచ్చి అణాలూ పోయాయి. 2022లో జిల్లా పేరే మారింది. ఈ వాక్యమూ అంతేనా?

పాషాణం సంగతి చూడండి. గోదావరి ఒండ్రుమట్టిలో గునపం ఎంత దింపినా రాయి తగలదు. అయినా తరతరాలుగా రాయి అమ్ముతూనే ఉన్నాం! నిధి మాటకొస్తే, భూమిలో దొరికింది పదిరూపాయల విలువ దాటితే కలెక్టరుకి చెప్పాలని 1878 నాటి చట్టం. ఇక చెట్టూ చేమా అంటారా, భూమి ఇస్తే దాన్ని అంటిపెట్టుకున్నవీ, దానికి చెందిన సౌకర్యపు హక్కులూ, వేరేగా రాసుకోకపోతే, వెంటే పోతాయని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఎనిమిదో సెక్షను చెబుతోంది. అంటే ఆ వాక్యం చేసే పని చట్టం ఎప్పుడో నెత్తినేసుకుంది. పోతే పోనీయండి.

కానీ బాబాయిగారి బెంగ ఉత్తదేం కాదండోయ్. వెనకదొడ్డికి వీధి లేదు. ముందుదొడ్డి మధ్యనుంచే నడక, బోదె నీరూ అక్కణ్ణించే. అంతా ఒక్కరి చేతిలో ఉన్నన్నాళ్ళూ దారికి కాగితమెందుకు? రేపు ముందుభాగం కొడుక్కి వస్తే? అష్టభోగాల్లో అడుగుల లెక్క లేదు. కొత్త నమూనాలో నాలుగు హద్దులకి నాలుగు గళ్ళున్నాయి గాని, దారికి గడి లేదు.

షెడ్యూలు కింద విడిగా రాయించమన్నాను. రాసేవాడు కలం తీశాడు.

"ఎన్నడుగులండీ?"

"నాలుగు చాల్దా?" అన్నారు బాబాయిగారు.

చెల్లాయి అంతవరకూ నోరు విప్పలేదు. "నాలుగైతే కాయ నెత్తిన మోయాలి నాన్నా. బండి పట్టాలి. ఎనిమిది రాయించండి."