మా ఊరి దెయ్యానికో పేరుంది

మీ పుట్టింటి ఊళ్ళో దెయ్యం ఉందా? నవ్వకండి, ఉండే ఉంటుంది. చెరువు గట్టునో, పాడుబడ్డ పెంకుటింట్లోనో, రైసుమిల్లు వెనక చింతచెట్టు మీదో ఒకటి తప్పకుండా ఉంటుంది. మా గోదావరి జిల్లాల్లో అయితే మరీను. కాలవకో దెయ్యం, రేవుకో దెయ్యం! కొందరు ముగ్గులు పోగుచేస్తారు, కొందరు పచ్చళ్ళ కొలతలు పోగుచేస్తారు. నేను దెయ్యాల కథలు పోగుచేస్తాను.

"ఇదేం పిచ్చే నీకు, చక్కగా దేవుడి పాటలు రాసుకోరాదూ!" అంటుంది మా తోటికోడలు. "మా ఇంటికి చుట్టాలెవరైనా వస్తే కాఫీ గ్లాసు చేతికివ్వగానే మీ ఊళ్ళో దెయ్యాలున్నాయా అని అడుగుతుందండీ మా ఆవిడ" అని మావారు అందరికీ చెప్పి నవ్విస్తుంటారు. అడిగే మాట నిజమే.

నేను పుట్టింది కోనసీమలో, మెట్టింది రాజమండ్రిలో. పెళ్ళయిన కొత్తలో రాత్రిళ్ళు కరెంటు పోతే మా అత్తగారు ఇంటిల్లిపాదినీ వీధరుగు మీద కూర్చోబెట్టి కథలు చెప్పేవారు. నిన్న చెప్పినట్టు ఇవాళ చెప్పేవారు కాదు. నిన్న తెల్లచీర కట్టుకున్న దెయ్యం ఇవాళ ఎర్రచీర కట్టుకునేది. ఇలా లాభం లేదని పిల్లల పాత నోటుపుస్తకంలో మిగిలిన కాగితాల మీద రాయడం మొదలుపెట్టాను. పాల లెక్క, చాకలి పద్దు, వాటి పక్కనే బ్రహ్మరాక్షసుడు! ఇప్పటికి అలాంటివి మూడు పుస్తకాలయ్యాయి.

మా వైపు దెయ్యాల్లో రకాలున్నాయి. చేల మధ్య రాత్రిపూట దీపంలా వెలిగి ఆరిపోయేది కొరివిదెయ్యం. చదువంతా కడుపులో దాచుకుని ఎవరికీ చెప్పకుండా పోయిన పండితుడు బ్రహ్మరాక్షసుడై రావిచెట్టు పట్టుకుంటాడు. దారినపోయే మగవాణ్ణి పేరుపెట్టి పిలిచేది కామినీ పిశాచి. మూడుసార్లు పిలిస్తేగాని పలకకూడదు. సున్నం అడిగితే చేత్తో ఇవ్వకుండా కత్తి మొన మీద పెట్టి అందించాలి. అన్నిటికంటే ముందు పాదాలు చూడాలి. వెనక్కి తిరిగి ఉంటే ఇక పరుగే పరుగు!

వీటిలో కొన్నింటికి కారణం తేలిగ్గానే దొరుకుతుంది. నీళ్ళు నిలిచి, ఆకూ అలమూ కుళ్ళిన బురదల్లో మీథేన్‌లాంటి వాయువులు పుడతాయి, అవి వెలగడమే కొరివిదెయ్యం అని సైన్సు చదివినవాళ్ళు అంటారు. చేనుకి నీరు పెట్టుకోవడానికి, చేపలు పట్టుకోవడానికి లాంతరు పుచ్చుకుని తిరిగే మనుషులూ దూరానికి అలాగే కనిపిస్తారు మరి. చింతచెట్టు కింద రాత్రి పడుకుంటే దెయ్యం గుండెల మీద కూర్చుంటుందంటారు. చెట్లు రాత్రి వదిలే బొగ్గుపులుసు వాయువే దానికి కారణమని మన పిల్లలు కూడా చెప్పేస్తారు. ఆరుబయట మనిషికి ఊపిరాడకుండా చేసేంత వాయువు ఏ చెట్టూ వదలదు. అయితే గుబురుచెట్టు కింద చీకట్లో పురుగూ పుట్రా ఉంటాయి కాబట్టి పడుకోకపోవడమే మంచిది.

నన్ను ఆకట్టుకున్నది ఈ కారణాలు కాదు. పుస్తకాలు తిరగేస్తుంటే ఒక సంగతి కనబడింది. బ్రహ్మరాక్షసుడిలాంటి ఒకరిద్దరిని తీసేస్తే, నా దెయ్యాలన్నీ దాదాపుగా ఆడవాళ్ళే! నూతిలో పడ్డ కోడలు, పురిట్లో పోయిన బాలింత, పెళ్ళికాకుండా పోయిన పిల్ల, కిరసనాయిలు పోసుకున్న ఇల్లాలు. కథ చెప్పేవాళ్ళు ఆమె చీర రంగు చెబుతారు, గాజుల చప్పుడు చెబుతారు, జుట్టు ఎంత పొడుగో చెబుతారు. ఎందుకు చచ్చిపోయిందో మాత్రం చెప్పరు.

మా రాజమండ్రి సంగతే చూడండి. ఊళ్ళో సారంగధర మెట్ట ఉంది. సవతితల్లి చిత్రాంగి వేసిన నిందకి రాజరాజ నరేంద్రుడు కన్నకొడుకు కాళ్ళూ చేతులూ నరికించింది అక్కడేనని చెప్పుకుంటారు. చరిత్రకారులు దీన్ని చరిత్రగా ఒప్పుకోరు. 1022లో పట్టానికొచ్చిన రాజరాజ నరేంద్రుడి కొడుకు నిక్షేపంలా బతికి, 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడు అనిపించుకున్నాడు. అయినా కథ మాత్రం నాటకాలుగా, సినిమాలుగా బతికే ఉంది. చిత్రాంగి అంటే చెడ్డదని మనందరికీ తెలుసు. కానీ ఆ కథలోనే ఇంకో ముక్క ఉంది. పెళ్ళిచూపులప్పుడు ఆ పిల్లకి చూపించిన పటం పడుచువాడైన సారంగధరుడిది, చివరికి కట్టుకున్నది ముసలి రాజు! మోసపోయిన పిల్ల ఏమనుకుందో ఏ పెద్దలూ అడగలేదు. ఆ కథని నిజమని నమ్మిన ఇదే ఊళ్ళో, పసిపిల్లల్ని ముసలివాళ్ళకి కట్టబెట్టడాన్ని కందుకూరి వీరేశలింగం గారు బ్రాహ్మవివాహం ప్రహసనంలో దులిపేశారు. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించారు. అంటే మెట్ట మీది కథలో ఉన్న బాధ ఊళ్ళోని ఇళ్ళల్లోనూ ఉందన్నమాట.

వంతెనల కథలూ ఉన్నాయి. హేవలాక్ వంతెన మీద 1900లో రైళ్ళు మొదలయ్యాయి, 1997లో ఆగిపోయాయి. రోడ్డూ రైలూ కలిసిన వంతెన 1974లో వచ్చింది. పెద్ద వంతెన కడుతున్నారంటే చాలు, "స్తంభం నిలబడాలంటే బలి కావాలట, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారట" అని తల్లులు పిల్లల్ని బయటికి పంపేవారు కాదని మా అత్తగారు చెప్పేవారు. ఈ నమ్మకం మా గోదావరికే పరిమితం కాదు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రంలో చెరువుకట్ట నిలవడానికి ప్రాణమిచ్చిన రైతు కోడలి కథ తీసుకునే కట్టమంచి రామలింగారెడ్డి గారు ముసలమ్మ మరణం కావ్యం రాశారు. ఎక్కడో అల్బేనియా దేశంలో రొజాఫా కోట గోడలోనూ ఒక ఇంటి చిన్న కోడల్ని పెట్టి కట్టారని కథ. చూశారా, గోడకైనా కట్టకైనా కోడలే దొరికింది!

ఇక మా అమ్మమ్మగారి ఊరి నుయ్యి సంగతి చెబుతాను. చిన్నప్పుడు ఆ నూతివైపు చూడాలంటేనే హడలు. అర్ధరాత్రి గిలక చప్పుడవుతుందనీ, జుట్టు విరబోసుకున్న ఆడమనిషి చేద వేస్తూ కనిపిస్తుందనీ మా మేనమామలు చెప్పేవారు. పెద్దయ్యాక పుస్తకం పుచ్చుకుని వెళ్ళి ఊళ్ళో నలుగురిని అడిగాను. మగవాళ్ళందరూ గిలక చప్పుడే చెప్పారు. చివరికి ఆ ఇళ్ళల్లో బట్టలుతికిన ముసలావిడ దగ్గర కూర్చున్నాను.

"దెయ్యమేంటండీ అమ్మగారూ! ఆ పిల్లకి తలంటు పోసిన సేతులండీ ఇయి" అంది. "పద్దెనిమిదేళ్ళు కూడా లేవండి. పుట్టింటోళ్ళు పెడతానన్న గొలుసు పెట్టలేదని ఆ ఇంట్లో పట్టెడన్నం సరిగా పెట్టీవోరు కాదండి. మూడో నెలండి అప్పటికి. తెల్లారేసరికి నూతి గట్టు మీద సెంబు ఉందండి, పిల్ల లేదండి."

"ఆవిడ పేరేంటి?" అని అడిగాను. చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను, ఆ ఇంటివాళ్ళు ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నారు. నా పుస్తకంలో మాత్రం పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. అప్పటినుంచీ నాకు ఆ నుయ్యంటే భయం వేయలేదు. ఆ ఇల్లంటే వేసింది.

దెయ్యమైన ఆడవాళ్ళ పక్కనే దేవతలైన ఆడవాళ్ళూ ఉన్నారు. మా జిల్లాల్లో పొలం గట్ల మీదా, చెట్ల కిందా పేరంటాలమ్మ గుళ్ళు కనిపిస్తాయి. మనం పసుపూ కుంకుమా ఇచ్చి పేరంటానికి పిలుచుకునే పేరంటాలే! సుమంగళిగా పోయినవాళ్ళనీ, భర్తతో సహగమనం చేసినవాళ్ళనీ ఆ పేరుతో కొలుస్తారు, చీరా గాజులూ పెడతారు. మద్రాసు రాజధానిలో సహగమనాన్ని 1830లోనే నిషేధించారు. ఆ చావుల్లో ఎంత భక్తి ఉందో, ఎంత బలవంతం ఉందో గుడిలో దీపం చెప్పదు. ఒకామె భర్తతో పోతే గుడి కట్టారు, ఇంకొకామె భర్త ఇంట్లో వేగలేక పోతే చింతచెట్టు ఎక్కించారు! తేడా వాళ్ళలో లేదు, కథ కట్టినవాళ్ళలో ఉంది.

అందరూ అలా భయపడరు కూడా. 1996 నవంబరు 6న కోనసీమ తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు. వేటకెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. సముద్రం ఒడ్డు నుంచి చేపలు తెచ్చే ఆవిడ ఒకసారి అంది, అమావాస్య రాత్రి అలల్లోంచి పిలుపులు వినిపిస్తాయని. "దెయ్యాలా?" అన్నాను. "అలా అనకండమ్మా, మావోళ్ళు" అంది, బుట్ట ఎత్తుకుంటూ.

కథ కథగా ఉంటే బాగానే ఉంటుంది. ఇంట్లోకి వస్తేనే ప్రమాదం. మా వీధిలో ఒక అమ్మాయి కాన్పయిన రెండు వారాలకి నిద్రపోవడం మానేసింది. ఎవరో పిలుస్తున్నారనేది, అత్తగారిని ఏకవచనంలో కడిగేసేది. "పురిట్లో పోయిన వాళ్ళ పెద్దకోడలు పట్టింది" అన్నారు. తాయెత్తు కట్టారు, వేపమండలు తెచ్చారు. అదృష్టం బాగుండి ఆ పిల్ల పెద్దమ్మ పట్టుబట్టి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళింది. మందులు వాడాక కొన్ని నెలల్లో తేరుకుంది. కాన్పు తర్వాత ఇలాంటి జబ్బు రావచ్చు, వైద్యంతో తగ్గుతుంది. కానీ లేనిపోని మాటలు వినిపిస్తున్నా, తననో బిడ్డనో ఏమైనా చేసుకుంటానంటున్నా ఒక్కరోజు కూడా ఆగకూడదు. గడపలో ఇనుపముక్క పెట్టుకుంటే పెట్టుకోండి, వేపమండ కట్టుకుంటే కట్టుకోండి. బాలింతని మాత్రం డాక్టరుకి చూపించండి.

ఆ అమ్మాయి కోలుకున్నాక నాతో అన్న మాట కూడా రాసుకున్నాను. "నాకేమీ గుర్తులేదు పిన్నిగారూ. కానీ ఆ నాలుగు రోజులూ నేను అన్నది ఇంట్లో అందరూ విన్నారట కదా!"

అన్నట్టు, "ఓ స్త్రీ రేపు రా" గుర్తుందా? 1990ల ప్రాంతంలో మన రాష్ట్రంలో ఎన్నో ఊళ్ళల్లో తలుపుల మీద ఆ మాట రాసుకున్నారు. రాత్రి ఒక ఆడదెయ్యం వచ్చి తలుపు కొడుతుందనీ, అది చదువుకుని వెనక్కి వెళ్ళిపోతుందనీ నమ్మకం. కర్ణాటకలో "నాళె బా" అని రాశారు. 2018లో వచ్చిన స్త్రీ అనే హిందీ సినిమాకీ అలాంటి కథే ఆధారం. మా పనమ్మాయి అప్పట్లో నవ్వుతూ అంది, "రేపు రా అంటే నోరెత్తకుండా ఎలిపోద్దంటండీ! రోజూ అదే మాటంటండీ!" నాకు నవ్వొచ్చింది. "రేపు చూద్దాంలే" అంటే సర్దుకుపోయే అలవాటు చచ్చాక కూడా వదల్లేదు పాపం!

మీకూ ఇలాంటి కథలు తెలిసే ఉంటాయి. మా రాజమండ్రి ప్రాంతం వారే అయిన నేదునూరి గంగాధరం గారు ఊరూరా తిరిగి జానపదుల పాటలు సేకరించారు. కథలకి మనం ఊరూరా తిరగక్కర్లేదు, వంటింట్లోనే మొదలుపెట్టవచ్చు. అత్తగారినీ అమ్మనీ విడివిడిగా అడగండి. నలుగురిలో చెప్పే కథ వేరు, పప్పు ఏరుకుంటూ చెప్పే కథ వేరు. వాళ్ళ మాటల్ని సరిదిద్దకుండా వాళ్ళ యాసలోనే రాయండి. ఎవరు చెప్పారో, ఏ ఊరో, ఏ సంవత్సరమో పక్కన వేయండి. ఫోనులో గొంతు పట్టుకుంటే ఇంకా మంచిది, అయితే ముందు అడిగి పట్టుకోండి. బతికున్నవాళ్ళ పరువుకి సంబంధించిన ముక్క ఉంటే అది మీ పుస్తకం దాటనివ్వకండి.

ఆఖరున ఒక్క ప్రశ్న మాత్రం మరిచిపోకుండా అడగండి, దెయ్యం కాకముందు ఆవిడ పేరేమిటి అని. చాలామంది "ఏమో" అంటారు. ఎవరో ఒక పెద్దావిడ మాత్రం కాసేపు ఊరుకుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెబుతుంది. అది రాసుకోండి.