ఫ్లాషు పడాల్సింది మనిషి మీద

సాయంత్రం పూట ప్రకాశం బ్యారేజీ మీంచి పడమటికి చూస్తే, భవానీ ద్వీపం దాకా కృష్ణంతా బంగారమే. ఆ వెలుగులో తెడ్డేసుకుంటూ వచ్చే కయాక్ కనిపిస్తే ఎవరైనా కెమెరా తీస్తారు. కానీ ఫొటోలో మనిషి నల్లటి బొమ్మ! బిగించిన దవడా, నీళ్ళు కారే మొహమూ ఏవీ కనపడవు. ఇంతకీ సాహసం చేసింది మనిషా, సూర్యుడా?

అందుకే వెలుతురుండగానే ఫ్లాషు వాడాలంటాన్నేను. అయితే గట్టు మీంచి కొడితే దండగ. గైడ్ నంబరు 40 ఉన్న ఫ్లాషు ఐఎస్ఓ 100, ఎఫ్/8 దగ్గర అందుకునేది 5 మీటర్లే. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు. కాబట్టి పక్క పడవెక్కాల్సిందే. చాలా కెమెరాల్లో షట్టరు 1/200 లేదా 1/250 దాటితే మామూలు ఫ్లాషు కుదరదు. హైస్పీడ్ సింక్‌తో కుదిరినా దాని బలం తగ్గిపోతుంది. ఆకాశానికి సరిపడా ఎక్స్‌పోజరు పెట్టి, ఫ్లాషుని ఒక స్టాపు తగ్గిస్తే మొహం సహజంగా వస్తుంది.

ఒక్క షరతు. చీకటి పడుతున్నప్పుడు ఎదురుగా కళ్ళలోకి కొట్టొద్దు. నీళ్ళ మీదున్నవాడికి క్షణంసేపు కళ్ళు కనపడకపోయినా ప్రమాదమే. ముందే చెప్పి, పక్కనుంచి కొట్టండి. మన ఫొటో కన్నా అతను ఒడ్డుకి చేరడం ముఖ్యం కదా!