కందిరీగ పుట్టినిల్లు

ఇటలీ చూడబోవువారు పీసాలోని ఒరిగిన గోపురమును, ఫ్లారెన్సులోని చిత్రశాలలను చూచి మరలుట వాడుక. మేము ఆ రెంటికి నడుమ పాంటెడేరా యను చిన్న పట్టణమున రైలు దిగితిమి. ఏరా యను నదిపై వంతెన యని యా పేరున కర్థము. అచటి పాత కర్మాగారమున కొంతభాగమును 2000 సంవత్సరమున ప్రదర్శనశాలగా మార్చిరి. లోకమెల్ల తిరిగిన వెస్పా స్కూటరునకు ఇదియే పుట్టినిల్లు.

పియాజియోవారు పూర్వమిచట విమానములు చేయుచుండిరి. రెండవ ప్రపంచయుద్ధమున కర్మాగారము బాంబులపాలయ్యెను. యుద్ధము ముగియగానే పనివారికి బ్రతుకుతెరువు చూపవలసి వచ్చెను. పాడైన బాటలపై సామాన్యులకు చౌకబండియు కావలసెను. ఎన్రికో పియాజియో ఈ పనిని కొరాడీనో దస్కానియో యను ఇంజనీరున కప్పగించెను. ఆయన హెలికాప్టరులు నిర్మించినవాడు, మోటారుసైకిలన్న గిట్టనివాడు. దాని నెక్కుటకు కాలెత్తి దాటవలెను; గొలుసు చమురు బట్టలపై చిందును; చక్రము విప్పుట ప్రయాస. ఈ చిక్కులు తీర్చుటకై ఆయన ఇంజనును వెనుకచక్రము ప్రక్కన రేకుమూతలో దాచెను, గొలుసు తీసివైచెను, ముందుచక్రమును విమానచక్రమువలె ఒకవైపు దండమునకే తగిలించెను, కాళ్లుంచుటకు చదునైన పలక వేసెను. గౌను తొడిగిన స్త్రీయు సుఖముగా కూర్చుండి నడుపగల బండి యది. 1946 ఏప్రిలు 23వ తేదీన పేటెంటునకు దరఖాస్తు చేసిరి. సన్నని నడుమును చూచి, రొద విని, యజమాని దీనిని కందిరీగతో పోల్చెనట. వారి భాషలో కందిరీగయే వెస్పా.

శాలలో మమ్ము నిలిపినది రంగులు పూసిన యొక బండి. 1962లో ఇద్దరు స్పెయినుదేశపు విద్యార్థులు దూరయాత్రకు బయలుదేరగా, చిత్రకారుడు సాల్వడార్ దాలీ దానిపై తన పేరును, భార్య గాలా పేరును వ్రాసి పంపెను. ఆ దినములలో యువకుల కన్నులన్నియు స్కూటరుపైననే. 1953 నాటి ‘రోమన్ హాలిడే’ చిత్రమున రాకుమారి వేషము వేసిన ఆడ్రీ హెప్‌బర్న్ పిడి చేతబట్టి రోమువీథులలో కల్లోలము రేపును. ఇంగ్లండులో ‘మాడ్’లను యువకులు, ఇస్త్రీ చెడని సూట్లు ధరించి, వెస్పాలకును మిలాను లాంబ్రెట్టాలకును అద్దములు, దీపములు బారులుగా తగిలించి ఊరేగుచుండిరి. 1964 మే మాసమున బ్రైటను సముద్రతీరమున వీరికిని, మోటారుసైకిళ్ల ‘రాకర్’లకును జరిగిన కొట్లాట పత్రికల కెక్కెను. వేషభాషలెట్లున్నను, తల్లిదండ్రుల నడుగక వెళ్లగల స్వేచ్ఛయే వారికా బండి ఇచ్చిన వరము.

మన దేశమున బజాజువారు మొదట వెస్పాను, 1972 నుండి చేతక్‌ను చేసిరి. పేరు వ్రాయించి ఏండ్లకొలది వేచియుండవలసిన కాలమది. పెండ్లిమాటలలో అల్లుడు స్కూటరు కోరుటయు, కన్యాదాత అప్పుచేసి యిచ్చుటయు మన మెరుగనివి కావు. మా యింటి బండిపై ముందు మేము నిలుచుండెడివారము. నాయనగారు నడుపుచుండగా అమ్మ వెనుక ఒకప్రక్కగా కూర్చుండి, ఒడిలో తమ్ముని, చేతిలో చీరచెంగును పట్టుకొనెడిది. ఆమె పుట్టినింటివారు కొనిపెట్టిన బండియే యైనను ఆమె పిడి యెన్నడును ముట్టలేదు. ముట్టుమని అడిగినవారును లేరు.

ఆ శాలలో, తొలినాటి బండియొక్క చదునైన పలకను చూచుచు చాలసేపు నిలిచితిమి. దుస్తులకు అడ్డురాకూడదని పనిగట్టుకొని చేసిన బండి, అమ్మకు మాత్రము వెనుకపీట నిచ్చినది! తరువాత గేర్లులేని తేలికబండ్లు వచ్చి, మన పిల్లలు కళాశాలలకును కచ్చేరీలకును తామే నడుపుకొని పోవుచున్నారు. ఇంటికి వచ్చి మేమీ సంగతి చెప్పగా అమ్మ నవ్వి, ‘నేర్పిన నేర్చుకొనియుందును గదా’ యనెను. సోదరీమణులారా, మీ యింట బండి యున్నచో, దాని తాళపుచెవి ఎవరి కొంగున నున్నదో ఒక్కసారి చూచుకొనుడు.