దయ్యాల పుస్తకంలో లేనివాళ్ళు

కంపెనీ కట్టిన కట్టడాన్ని నేను దూరం నుంచే గుర్తుపడతాను. ఊళ్ళో ఇళ్ళన్నీ వాలు దొరికినచోట దొరికినట్టు ఎక్కి కూర్చుంటే, కంపెనీది మాత్రం కొండను చదును చేయించుకుని మరీ నిలబడుతుంది. నేను ఇల్లందులో పుట్టి, సింగరేణి క్వార్టర్లలో పెరిగి, అదే కంపెనీ సర్వే సెక్షన్‌లో రిటైరైనవాణ్ణి. అందుకే అరిజోనా రాష్ట్రంలోని బిస్బీలో కాపర్ క్వీన్ హోటల్ కంటపడగానే, "ఇది గెస్ట్‌హౌస్‌రా" అన్నాను.

"నాలుగంతస్తుల హోటల్‌ని పట్టుకుని గెస్ట్‌హౌస్ అంటవేంది నాన్నా" అని మావాడు నవ్వాడు.

నేనన్నది నిజమే. ఇక్కడి రాగి గనుల్ని ఏలిన ఫెల్ప్స్ డాడ్జ్ కంపెనీ, తన పెట్టుబడిదార్లూ పెద్దమనుషులూ వస్తే దిగడానికి 1898లో ఈ హోటల్ మొదలుపెట్టి 1902లో తెరిచింది. 1908లో మంటలు లేచి కింద మెయిన్ స్ట్రీట్‌లో చాలాభాగం బూడిదైనా దీనికేమీ కాలేదు. 1975లో గనులు మూతపడ్డా ఇది నడుస్తూనే ఉంది.

మావాడుండేది ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. అక్కడి తెలుగువాళ్ళకు సెలవు దొరికితే కార్లు గ్రాండ్ కాన్యన్ వైపో, సెడోనా వైపో పోతాయి. నేను దక్షిణం పట్టుపట్టాను. టూసాన్ దాటి, బెన్సన్ దగ్గర పెద్దరోడ్డు వదిలి 80వ నంబరు రోడ్డెక్కితే దారిలో టూంస్టోన్ వస్తుంది. 1881 నాటి తుపాకుల కొట్లాటను టికెట్ పెట్టి రోజూ ఆడించి బతుకుతున్న ఊరది. అక్కడ కాఫీ తాగాం, అంతకుమించి చెప్పుకోవలసిందేమీ లేదు. తర్వాత మ్యూల్ పర్వతాల్లోకి ఎక్కుడు. కొండ నడుముకు తొలిచిన సొరంగంలోంచి బయటపడగానే, లోయ నిండా రేకుల కప్పుల ఇళ్ళు.

ఊరి ఎత్తు 5 వేల అడుగుల పైమాటే. పేరు డివిట్ బిస్బీ అనే శాన్‌ఫ్రాన్సిస్కో జడ్జిది. గనిలో డబ్బు పెట్టాడు, ఊళ్ళో మాత్రం అడుగే పెట్టలేదంటారు. ఒకప్పుడు 20 వేలమంది కిటకిటలాడిన చోట ఇప్పుడు 5 వేలమంది కూడా లేరు. ఇళ్ళకు వెళ్ళడానికి రోడ్లకన్నా మెట్లే ఎక్కువ. ఆ మెట్లు ఎక్కుతూ పరుగెత్తే పోటీ ఏటా అక్టోబర్‌లో పెడతారు. ఉత్తరాలు ఇంటింటికీ పంచే పద్ధతి పాత ఊళ్ళో లేదు, ఎవరిది వాళ్ళు పోస్టాఫీసుకెళ్ళి తెచ్చుకోవాల్సిందే. ఈ పోస్టాఫీసు సంగతి తర్వాత మళ్ళీ వస్తుంది.

హోటల్లో సామాను పడేసి ముందు గనికి వెళ్ళాం. మా ఆవిడ, "జీవితమంతా బాయి ముచ్చట్లే, అమెరికా వచ్చినా బాయేనా" అంటూనే పసుపుపచ్చ కోటు తొడిగి, హెల్మెట్ పెట్టుకుంది. 1976 నుంచి క్వీన్ మైన్‌ను యాత్రికులకు చూపిస్తున్నారు. మనిషికో నంబరు బిళ్ళ ఇస్తారు, బయటికొచ్చాక తిరిగి ఇచ్చెయ్యాలి. బిళ్ళ మిగిలిందంటే లోపల మనిషి మిగిలినట్టే. ఈ లెక్క నాకెవరూ చెప్పనక్కర్లేదు. చిన్న రైలుమీద గుర్రమెక్కినట్టు అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుంటే 1,500 అడుగులు కొండలోకి తీసుకుపోతుంది.

లోపల చలి! బొగ్గుబాయి అంటే ఉక్కపోత, చెమట. ఇక్కడ ఏడాది పొడుగునా ఎనిమిది డిగ్రీల సెల్సియస్. అంతకన్నా విచిత్రం, పాతకాలంలో ఇక్కడ కొవ్వొత్తులు పెట్టుకుని పని చేసేవారట. మా దగ్గర అగ్గిపెట్టెతో దిగినవాడి ఉద్యోగం గోవిందా. బొగ్గు పొరల్లో మీథేన్ ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. రాతిలోని రాగికి ఆ భయం లేదు. అందుకని ఇక్కడివాళ్ళు కొవ్వొత్తిని ఇనుప మేకుకు గుచ్చి గోడకు దిగ్గొట్టి, ఆ వెలుగులో రాయి తొలిచారు. గైడు ఒకప్పుడు గనుల్లో చేసినవాడే. నేను బొగ్గుబాయి మనిషినని మావాడు చెప్పగానే నా చెయ్యి పట్టుకుని, గ్యాసు గురించి నన్నే నాలుగు ప్రశ్నలు అడిగాడు. టూరులో మిగతావాళ్ళు మమ్మల్నిద్దర్నీ వింతగా చూశారు. చక్రాలమీద తిరిగే ఇనుప మరుగుదొడ్డి డబ్బాను చూపించినప్పుడు మాత్రం అందరూ ఫొటోలకు ఎగబడ్డారు.

చీకటిపడే వేళకు హోటల్‌కు తిరిగొచ్చాం. లోపల అన్నీ పాతకాలపు చెక్క, ఎత్తైన కప్పులు, నడిస్తే మాట్లాడే నేల. ఏ రెండు గదులూ ఒకేలా ఉండవు. కొన్ని గదులకు నంబరుతోపాటు పేరు కూడా ఉంది. జాన్ వేన్ పేరుతో ఒకటి, జూలియా లోవెల్ పేరుతో ఇంకొకటి. జాన్ వేన్ కౌబాయ్ సినిమాల హీరో, అది సరే. జూలియా ఎవరంటే, ఈ హోటల్ దయ్యం.

దయ్యాలు ముగ్గురు. జూలియా ఒళ్ళమ్ముకుని బతికిన మనిషట. తన దగ్గరికొచ్చేవాళ్ళలో ఒకణ్ణి ప్రేమించి, అతను కాదంటే ప్రాణం తీసుకుందట. రెండోవాడు బిల్లీ, నదిలో మునిగి చనిపోయిన చిన్నపిల్లాడట. బసచేసినవాళ్ళ వస్తువులు అటువి ఇటు పెడతాడని చెబుతారు. మూడోవాడు గడ్డం ముసలాయన, వస్తూ చుట్టవాసన తెస్తాడట. ఈ అటలన్నీ హోటల్‌కు మంచి ఆదాయం. జూలియా గదికి గిరాకీ ఎక్కువ. కౌంటర్ దగ్గర ఒక పుస్తకం పెట్టారు. రాత్రి తమకు ఎదురైన అనుభవాలను అతిథులు అందులో రాసిపోతారు. ఎవరో దుప్పటి లాగారట, ఎవరో అరికాళ్ళమీద చక్కిలిగింతలు పెట్టారట, నల్లా దానంతటదే తిరిగిందట.

మా ఆవిడకు మావాడు ఇదంతా ముందు చెప్పలేదు. పుస్తకం చూశాక ఆమె మొహం మారింది. "తెలిసి తెలిసి పైసలిచ్చి దయ్యాలకాడ పండుకుంటరా ఎవరన్నా?" అంది. కౌంటర్ దగ్గరి అమ్మాయి, మాకిచ్చిన గదిలో ఇంతవరకూ ఎవరికీ ఏమీ కనపడలేదని కొంచెం జాలిగానే చెప్పింది. మావాడు ఆ జాలిని అమ్మకు తెలుగులో చెప్పలేదు, వట్టి సమాచారమే చెప్పాడు.

నేను ఆ పుస్తకాన్ని చాలాసేపు తిరగేశాను. నాకు కావలసిన దయ్యాలు వేరు.

ఈ ఊరు రావాలని పట్టుపట్టింది వాళ్ళ కోసమే. మావాడింట్లో 'బిస్బీ 17' అనే సినిమా చూశాను. రాబర్ట్ గ్రీన్ తీసిన డాక్యుమెంటరీ, 2018లో వచ్చింది. నూరేళ్ళ కిందట ఇక్కడ జరిగినదాన్ని ఊరివాళ్ళే వేషాలు కట్టి మళ్ళీ ఆడిన కథ. 1917 జూన్ చివర గని కార్మికులు సమ్మె కట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా అడుగుపెట్టిన ఏడాది, రాగి ధర ఆకాశంలో ఉంది. వాళ్ళడిగినవి చూస్తే ఏ బాయి మనిషికైనా ఒళ్ళు జలదరిస్తుంది. లోపల మనుషులు పనిలో ఉండగా పేల్చొద్దు. డ్రిల్లింగ్ యంత్రానికి ఇద్దర్ని పెట్టండి. లోపల దిగినవాడికి రోజుకు 6 డాలర్లు, పైన చేసేవాడికి అయిదున్నర ఇవ్వండి. ముఖ్యమైనవి ఇవే.

జూలై 12 తెల్లవారకముందే, షెరీఫ్ హ్యారీ వీలర్ పోగుచేసిన సుమారు 2 వేలమంది చేతులకు తెల్లగుడ్డలు కట్టుకుని, తుపాకులతో ఇళ్ళమీద పడ్డారు. మంచాలమీంచి లేపి లాక్కొచ్చారు. అందర్నీ పోగేసింది పోస్టాఫీసు ముందర. ఆ పోస్టాఫీసు కూడలి ఈ హోటల్‌కు కాస్త దిగువనే. అక్కణ్ణుంచి రెండు మైళ్ళు నడిపించి వారన్ బాల్‌పార్క్‌లో కూర్చోబెట్టారు. సమ్మె విడిచి పనిలోకొస్తామన్నవాళ్ళను వదిలేశారు. రానన్న 1,186 మందిని 23 పశువుల పెట్టెల్లోకి ఎక్కించారు. రైలు కూడా కంపెనీదే. టెలిఫోన్, టెలిగ్రాఫ్ తీగలను చేతిలో పెట్టుకుని కబురు బయటికి పొక్కకుండా చూశారు. తిండి లేదు, నీళ్ళు అంతంతమాత్రం, జూలై ఎండ. 16 గంటల ప్రయాణం తర్వాత న్యూమెక్సికోలోని హెర్మానస్ అనే ఎడారి స్టేషన్ దగ్గర దించేశారు. తిరిగొస్తే ప్రాణాలుండవని చెప్పి మరీ దించారు.

ఎవరికీ శిక్ష పడలేదు. మనుషుల్ని ఎత్తుకుపోవడం రాష్ట్రం చూసుకోవలసిన నేరం, కేంద్ర ప్రభుత్వానికి ఆ అధికారం లేదని 1920లో సుప్రీంకోర్టు తేల్చింది. రాష్ట్రంలో ఒకే ఒకడిమీద విచారణ నడిచింది, అతన్నీ వదిలేశారు. సినిమాలో ఒక కుటుంబం ఉంది. ఆ ఇంట్లో ఒకణ్ణి తోడబుట్టినవాడే స్వయంగా తుపాకీ చూపించి పట్టుకెళ్ళాడు.

ఇక హోటల్ పుస్తకంలో నేను తిరగేసిన పేజీల్లో ఒక్క గని మనిషి లేడు. చుట్టలు తాగే పెద్దమనిషి వస్తాడు, పశువుల పెట్టె ఎక్కినవాడు రాడు. న్యాయంగా ఆలోచిస్తే రాకపోవడంలో వింతేమీ లేదు, బతికుండగా వాళ్ళను ఈ హోటల్ గడప ఎవరు తొక్కనిచ్చారు కనక! మా ఇల్లందులోనూ అంతే. ప్రమాదంలో పోయినవాళ్ళు బాయిలో రాత్రి షిఫ్టుకు కనపడ్డారని మా నాన్న తరంవాళ్ళు చెప్పేవారు. గెస్ట్‌హౌస్‌లో కనపడ్డారని ఎవరూ చెప్పగా వినలేదు.

రాత్రి మా ఆవిడ దీపం ఆర్పనివ్వలేదు. ఎవరో వరండాలో నడిచినప్పుడల్లా నేల కిర్రుమంది, ఆమె నన్ను తట్టింది. ఒక జాములో, "చుట్టవాసనొస్తలేదూ?" అంది. వచ్చింది నిజమే. కిటికీ తీసి చూస్తే, కింద వసారాలో ఒక పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి చుట్ట కాలుస్తున్నాడు. ఆయన ఫోన్ చూసుకుంటున్నాడని చెప్పాక గానీ ఆమె నమ్మలేదు. తర్వాత హాయిగా నిద్రపట్టింది. మంచం మాత్రం గొప్పది, వందేళ్ళ హోటల్‌లో పడుకున్నట్టే లేదు.

పొద్దున్నే పక్కనున్న మ్యూజియానికి వెళ్ళాను. అదీ కంపెనీ పాత హెడ్డాఫీసే, 1897 నాటిది. 1917 సంగతి ఈ ఊళ్ళో చాలాకాలం గట్టిగా మాట్లాడుకోలేదంటారు. మ్యూజియంలో ఇప్పుడు దానికి చోటుంది. తెల్లగుడ్డల మనుషుల ఫొటో, బాల్‌పార్క్ మెట్లమీద కూర్చున్నవాళ్ళ ఫొటో చూస్తుంటే మావాడు తన ఫోన్ జేబులో పెట్టేశాడు. వాడలా పెట్టడం అరుదు.

అక్కణ్ణుంచి వారన్ వైపు వెళ్తుంటే రోడ్డు పక్కనే లావెండర్ పిట్ వస్తుంది. పేరు విని పువ్వులనుకోకండి, హారిసన్ లావెండర్ అనే కంపెనీ అధికారి పేరు. మన ఓపెన్‌కాస్ట్ గనుల్లాంటిదే, 900 అడుగుల లోతు. 1974లో ఆపేశారు. అంచు దగ్గర కంచెకు ఆనుకుని గని మెట్ల (బెంచీల) ఎత్తు కొలిచే పాత అలవాటు నాకు పోలేదు.

వారన్ అన్న పేరు మాత్రం జార్జ్ వారన్‌ది. ఈ కొండల్లో మొదటి హక్కులు రాయించుకున్నవాళ్ళలో ఒకడు. తాగిన మైకంలో, గుర్రంకంటే వేగంగా పరుగెడతానని పందెం కాసి, కాపర్ క్వీన్ గనిలో తన వాటా పోగొట్టుకున్నాడు. బికారిగా చచ్చిపోయాడు. అరిజోనా ప్రభుత్వ ముద్రమీద పలుగూ పారా పట్టుకున్న గని మనిషి బొమ్మ ఉంటుంది చూడండి, దానికి నమూనా ఇతనే.

బాల్‌పార్క్ 1909లో కట్టింది, కట్టించిందీ ఒక గని కంపెనీయే. ఇప్పటికీ పిల్లలు బేస్‌బాల్ ఆడుకుంటారు.

మీ పిల్లలు అరిజోనాలో ఉండి మీరు వెళ్ళడం పడితే, ఒక రాత్రికి బిస్బీ పోయిరండి. కాపర్ క్వీన్‌లోనే దిగండి, జూలియా గది అడిగినా నాకు అభ్యంతరం లేదు. దయ్యాల పుస్తకానికి పావుగంట చాలు. పొద్దుటిపూట మాత్రం మ్యూజియానికీ, బాల్‌పార్క్‌కూ అట్టిపెట్టుకోండి. మధ్యలో దూరం రెండు మైళ్ళే, ఓపికుంటే నడవండి.