బెండకాయ పూలు, జేజి సంతకం

పండగొచ్చిందంటే మన ఫోన్లు శుభాకాంక్షలతో నిండిపోతాయి. పొద్దున ఒకరు పంపిన మామిడాకుల బొమ్మనే మధ్యాహ్నానికి పదిమంది పంపిస్తారు. చూస్తాం, దండం పెట్టే బొమ్మ ఒకటి తిరిగి పంపిస్తాం, సాయంత్రం ఫోన్ నిండిపోయిందని అన్నీ తీసేస్తాం. నేనూ అంతే. కానీ 2025 ఉగాదికి మాత్రం మా ఇంట్లో పద్దెనిమిది కార్డులు చేత్తో చేశాం. నీళ్ల రంగులు వేసి, కూరగాయలతో ముద్రలు అద్ది. ఎలా చేశామని చాలామంది అడిగారు. ఎందుకు చేశామో కూడా చెప్పకపోతే సగమే చెప్పినట్టవుతుంది.

మా పుట్టిల్లు కర్నూలు, మెట్టినిల్లు కడప. అంతకుముందు వానాకాలంలో మా అత్తకు పక్షవాతం వచ్చింది. ప్రాణానికి గండం తప్పింది గానీ కుడిచేతికి పట్టు పోయింది. ముగ్గులో మా వీధిలో ఆమెకు పోటీ లేదు. ఇరవై ఒక్క చుక్కల మెలికల ముగ్గు పుస్తకం చూడకుండా వేసేది. ఇప్పుడు ఆ చేత్తో ముగ్గుపిండి పట్టుకుంటే వేళ్ల సందుల్లోంచి కుప్పగా జారిపోతుంది. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటి తగిలింది. పింఛను పని మీద పోయినచోట సంతకం కలవలేదని ఆమెతో వేలిముద్ర వేయించారు. ఎనిమిదో తరగతి చదివి, బతుకంతా సంతకం పెట్టిన మనిషి. ఇంటికొచ్చి బొటనవేలికి అంటిన సిరాను సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంది. ఆ తర్వాత వాకిట్లోకి రావడమే తగ్గించేసింది.

ఫిజియోథెరపీకి వచ్చే అబ్బాయి వేళ్లతో పట్టుకునే పని రోజూ ఏదో ఒకటి చేయించమన్నాడు. మెత్తటి బంతి ఇస్తే, "నేనేమన్నా సంటిపిల్లనా?" అని పక్కన పెట్టేసింది. పిల్లల పుస్తకాల్లో వేలిముద్రలతో పూలు, పిట్టలు చేయడం ఉంటుంది. మా ఇంట్లో ఆ ఊసెత్తలేదు. వేలికి రంగు అంటకుండా ముద్ర పడేది ఇంకేదైనా కావాలి. అప్పుడు తట్టింది బెండకాయ.

ముందు కాగితం సంగతి. నీళ్ల రంగులకు పలచటి కాగితం పనికిరాదు, తడికి ముడుచుకుపోతుంది. 300 జీఎస్ఎం కాగితం తీసుకోండి. ఏ4 షీటు ఒక్కటే దాదాపు 19 గ్రాములు తూగుతుంది. కవరుతో కలిపితే 20 గ్రాములు దాటి తపాలా ఖర్చు పెరుగుతుంది. అందుకే షీటును సగానికి కోసి, ఒక్కో ముక్కను మధ్యకు మడిచాం. మడిచేముందు స్కేలు పెట్టి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గీత గీస్తే మడత చీలకుండా తిన్నగా వస్తుంది.

వీడియోల్లో చూపించే నీళ్ల రంగుల పద్ధతులు మన సీమ ఎండకు సరిపోవు. మార్చి చివరికే ఎండ 40 డిగ్రీల దాకా పోతుంది. ఆకాశం సగం వేసేలోపు మిగతా సగం ఆరిపోయి చారలు తేలతాయి. అందుకని తెల్లవారుజామున ఐదింటికే కూర్చునేవాళ్లం, ఫ్యాను ఆపేసి. వంటింటి గట్టు మీది కడప బండ ఆ వేళకు చల్లగా ఉంటుంది. కాగితాన్ని రెండు వైపులా తడిపి దాని మీద పరిస్తే, రంగు మెల్లగా పాకేంత వ్యవధి దొరుకుతుంది. తడి మీద కల్లుప్పు రెండు పలుకులు చల్లితే, ఆరాక ఉప్పు పడినచోట తెల్లటి పువ్వుల్లా విచ్చుకుంటుంది. పూర్తిగా ఆరాకే ముద్రలు అద్దాలి, లేకపోతే అలుక్కుపోతాయి.

బెండకాయను అడ్డంగా కోసి, కోసిన వైపు న్యూస్ పేపరు మీద బోర్లించి గంటసేపు వదిలేయాలి. లేకపోతే జిగురు రంగును చెదరగొడుతుంది. తడి స్పాంజి ముక్క మీద పోస్టర్ కలర్ రాసి, బెండకాయను దానికి ఒత్తి కార్డు మీద అద్దాలి. పెడనలో కలంకారీ గుడ్డల మీద టేకు చెక్క అచ్చులు అద్దేదీ దాదాపు ఇలాగే. మామూలుగా బెండకాయకు ఐదు కోణాలుంటాయి, వేపపువ్వుకు ఐదు రేకులు. చిన్న బెండకాయ చివర ముక్కతో అద్దితే ఉగాది పచ్చడిలో వేసే పువ్వే కార్డు మీద పడుతుంది. మామిడాకు వెనకవైపు ఈనెలకు రంగు రాసి ఒత్తితే ఆకు తయారు.

మా అత్త చూసీచూడనట్టు కూర్చుంది. "ఏందిమే, పులుసుకు తెచ్చిన బెండకాయలు బొమ్మలకు తగలేస్తాండావా?"

"సగం పులుసుకే అత్తా. నువ్వొక చెయ్యి వెయ్యి, తొందరగా అవుతుంది."

బెండకాయ లావుగా ఉంది, పట్టుకోవడానికి వీలైంది. మొదటి పువ్వు పక్కకు జరిగి పడింది. రెండోది మొదటిదాని మీదెక్కింది. వణుకుతో గీసిన గీత వంకర గీతే. వణుకుతో అద్దిన పువ్వు మాత్రం గాలికి ఊగిన పువ్వులా ఉంది. ఆరోజు ఆమె నలభై పూలు అద్దింది. మర్నాడు ఐదింటికి నాకన్నా ముందే లేచి కూర్చుంది.

ఆ ఏడాది ఉగాది మార్చి 30న, రంజాన్ 31న వచ్చాయి. మా కడపలో ఈ రెండూ ఎంత దగ్గరివో మీకు చెప్పక్కర్లేదు. బీబీ నాంచారి మా ఇంటాడబిడ్డ అని ఉగాది రోజు ముస్లింలు దేవుని కడప గుడికి వచ్చి స్వామిని చూసుకుని పోతారు. అందుకే రంజాన్‌కూ కార్డులు చేశాం. తెల్ల కొవ్వొత్తితో నేను నెలవంక గీశాను. అత్త ఎడమచేత్తో, అదే కొవ్వొత్తితో, ముగ్గు చుక్కలు పెట్టింది. కాగితం మీద ఏమీ కనపడలేదు. పైన ముదురు నీలం పూయగానే మైనం ఉన్నచోట రంగు అంటక నెలవంక, చుక్కలు తేలాయి. వరస తప్పిన చుక్కలను ఆకాశంలో ఎవరు తప్పంటారు? పక్కింటి ఆపా ఆ కార్డు తీసుకుని, "చుక్కలెవరు పెట్టారో నేను చెప్తా" అని నవ్వుతూ లోపలికి వెళ్లి మా అత్త చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

కర్నూలులో ఉన్న మా చెల్లెలి కార్డు మీద కొండారెడ్డి బురుజు. ఉర్లగడ్డను రాయి ఆకారంలో కోసి, ఒకదాని మీద ఒకటి అద్దుకుంటూ పోతే బురుజు లేచింది. చివరి కార్డు బెంగళూరు హాస్టల్లో ఉన్న మావాడికి. లోపల "శుభాకాంక్షలు" రాసి కవరు తీస్తుంటే అత్త ఆపింది. పెన్ను అడిగింది. ఎడమచేత్తో, పంటి కింద పెదవి నొక్కిపెట్టి, రెండక్షరాలు రాసింది: జేజి. ఐదు నిమిషాలు పట్టింది. రెండో అక్షరం గుడి పక్కకు ఒరిగింది. సరిచేద్దామని నేనూ అనలేదు, ఆమే అనలేదు.

చెయ్యి పూర్తిగా బాగైందని చెప్పను. వాకిట్లో ముగ్గు ఇప్పటికీ నేనే వేస్తున్నాను. కాకపోతే ఆమె గడప మీద కూర్చుని చుక్క తప్పినచోట అరుస్తుంది. మీ ఇంట్లోనూ చెయ్యి వణికే పెద్దవాళ్లుంటే బ్రష్షు ఇవ్వకండి, బెండకాయ ఇవ్వండి. కాస్త లావుగా ఉన్నదే ఏరండి. కార్డులో పేరు రాసేందుకు కొంచెం చోటు వదలండి.