బుడమేరు వెంట కొల్లేటి దాకా

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి, బెజవాడ సింగ్‌నగర్‌లో మా ఇంట్లోకి నడుంలోతు నీళ్లొచ్చాయి. గోడ మీది బురద గీత కడిగినా పోలేదు. ఆ నీళ్లు చివరికి ఎక్కడికి పోతాయో చూడాలనిపించి, ఓ ఉదయం గుడివాడ బస్సెక్కాను. మైలవరం కొండల వైపు పుట్టే బుడమేరు బెజవాడను ఒరుసుకుంటూ పోయి కలిసేది కొల్లేరు సరస్సులోనే.

ముదినేపల్లి దాటాక వరిచేలు పలచబడి చేపల చెరువులు మొదలయ్యాయి. కైకలూరు దగ్గర ఆటపాకలో చెట్ల నిండా గూడబాతులు. అక్కణ్ణుంచి ఆటోలో కొల్లేటికోట. పెద్దింట్లమ్మ గుడికి కాస్త దూరంలో, అరుగు మీద వల బాగుచేసుకుంటున్న పెద్దాయన పక్కన కూలబడ్డాను.

"చెరువులు రాకముందు ఎలా బతికేవాళ్లు తాతా?"

"తాటిదోనె, చేపలు పట్టే మావులు. ఏరు పొంగిన ఏడు పస్తులే బాబూ."

ఆ పస్తులు తప్పించాలనే 1976లో ముఖ్యమంత్రి జలగం వెంగళరావు ప్రభుత్వం లంకల్లోని వడ్డీ కులపు మత్స్యకారులను, దళితులను సహకార సొసైటీలుగా చేర్చి చేపల చెరువులిచ్చింది. అలా పేదవాడికి చెరువు మీద కాగితంలో హక్కు దక్కింది.

"మా నాన్న వేలిముద్ర వేసొచ్చి, ఇక మనం రైతులం రా అన్నాడు."

"మరి?"

"చేపపిల్లకీ మేతకీ పెట్టుబడి ఏదీ? డబ్బున్నోళ్లొచ్చి లీజు రాయించుకున్నారు. పుస్తకంలో పేర్లు మావి, చేపలు వాళ్లవి. మా చెరువుకి మేమే కాపలా కూలీలం."

తర్వాతి కథ కొల్లేటి చాంతాడు. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో అందులోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. నీటికి దారి కావాల్సిందే. కానీ లీజుదారుడు మరోచోట చెరువు చూసుకున్నాడు. సొసైటీ సభ్యుడికి మరోచోటు లేదు.

"గట్లు కొట్టెయ్యడం తప్పంటావా?"

ఆయన వల పక్కన పెట్టాడు. "కొట్టింది తప్పని కాదు బాబూ. సరస్సు అందరిదన్నారు. ఆ అందరిలో మేం ఉన్నామా అని అడుగుతున్నా."

బయల్దేరుతుంటే ఆయన తన గోడ చూపించాడు. మోకాలెత్తున బురద గీత.

"మొన్నటి వరదది. మీ బెజవాడ నీళ్లే."

మా ఇంటి గోడ మీదున్నదీ అదే రంగు.