షట్ క్లినిక్‌లో ఒక పూట

బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రి వరండాల్లో కన్నడంతో పాటు తెలుగూ బాగానే వినిపిస్తుంది. హిందూపురం, మదనపల్లె వైపు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు ఎక్కువ. ఫోను, ఇంటర్నెట్ వదల్లేక తంటాలు పడేవాళ్ల కోసం 2014లో ఇక్కడ మొదలైన ‘షట్’ క్లినిక్ చూద్దామని వెళ్లాను. పేరు షట్ అయినా ఎవరి ఫోనూ లాక్కోరు.

పక్క బెంచీ మీద పదో తరగతి కుర్రాడు. చేతిలో ఫోన్ లేదు. అయినా కుడి బొటనవేలు బెంచీ అంచు మీద అదేపనిగా కదులుతోంది. వాడి ఇంట్లోవాళ్లు సరేనన్నాక సైకాలజిస్టు గదిలో ఓ మూల కూర్చున్నాను.

“రోజుకు ఎన్ని గంటలాడితే జబ్బు కింద లెక్క సార్?” తండ్రి మొదటి ప్రశ్న అదే.

గంటలతో తేలదన్నారు సైకాలజిస్టు. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 కూడా గంటలు చెప్పదు. ఆపాలన్నా ఆపలేకపోవాలి, మిగతా పనులన్నీ ఆట తర్వాతే కావాలి, నష్టం కనిపిస్తున్నా ఆట ఆగకూడదు. ఇదంతా మామూలుగా ఏడాది పాటు సాగితేనే గేమింగ్ డిజార్డర్. వేసవి సెలవుల్లో ఫోన్‌కు అతుక్కుపోయిన పిల్లాడికల్లా ‘అడిక్ట్’ అని ముద్ర వేసే పెద్దలు ఈ షరతు చదివితే బాగుండు.

ఆయన కాగితం మీద తల బొమ్మ గీశారు. నుదుటి వెనక ఒక గీత: ముందుచూపు, నిగ్రహం చూసుకునే భాగం. అది పూర్తిగా ఎదిగేసరికి పాతికేళ్లు వస్తాయి. లోపల ఒక చుక్క: గెలుపు రుచికి ఉరకలేసే భాగం. అది ఈ వయసుకే మంచి జోరు మీద ఉంటుంది. కాలువకు నీళ్లొచ్చేశాయి, తూము తలుపు ఇంకా బిగించలేదు. వీడియో గేమ్ ఆడుతుంటే అక్కడ డోపమైన్ విడుదలవుతుందని లండన్ పరిశోధకులు 1998లోనే పెద్దవాళ్ల మీద స్కాన్ తీసి చూపించారు. ఇప్పటి ఆటల్లో క్రేట్ (బహుమతుల పెట్టె) తెరిస్తే ఏమొస్తుందో తెలియకపోవడం దానికి తోడు.

అతిగా ఆడేవాళ్ల స్కాన్లలో తేడాలు కనిపించిన మాట నిజమే. ఆటే వాటిని తెచ్చిందా, అలాంటి మెదడున్నవాళ్లే ఆటలో కూరుకుపోయారా అన్నది మాత్రం తేలలేదు. మెదడు కరిగిపోతుందంటూ వాట్సాప్‌లో తిప్పే వీడియోలను నేను నమ్మను. నిద్ర సంగతికి స్కాన్ అక్కర్లేదు. కుర్రాడు నింపుకొచ్చిన చార్టులో పడుకున్న వేళ 2:40, 3:10, మళ్లీ 2:40. లేచింది రోజూ 7 గంటలకే, బడి కోసం.

“గంట ఆడి ఆపెయ్ అంటారు. మ్యాచ్ మధ్యలో పాజ్ ఉండదు సార్. నేను వచ్చేస్తే స్క్వాడ్ ఓడిపోతుంది,” అన్నాడు వాడు, తొలిసారి నోరు తెరిచి.

సైకాలజిస్టు ఆ మాట పట్టుకున్నారు. గంటలు కొట్టేసి మ్యాచ్‌లు రాశారు: రెండు, రాత్రి 9 లోపు. తర్వాత ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లోనే చార్జింగ్.

“అందరివీనా?” అన్నాడు తండ్రి.

“నీది కూడా,” అంది తల్లి.